ఖుబానీ గింజల పప్పు: ఏది తినాలి, ఏది పారేయాలి, ఎలా వండాలి

ఖుబానీ అంటే ఆప్రికాట్ పండు. ఎండు ఖుబానీతో చేసే హైదరాబాదీ తీపి ఖుబానీ కా మీఠా మీద మీగడ పక్కన కనిపించే తెల్లటి పప్పులను చాలామంది బాదం అనుకుంటారు. క్యాటరింగ్ వాళ్లు వేసేది ఎక్కువగా బాదమే. కానీ హైదరాబాద్ ఇళ్లలో ఓపిగ్గా చేసేవాళ్లు ఖుబానీ గింజలను పారేయరు. వాటిని ఆరబెట్టి, పగలగొట్టి, లోపలి పప్పు తీసి మీఠా మీద చల్లుతారు. బాదం కన్నా చిన్నగా, కాస్త గుండ్రంగా ఉండే ఈ పప్పుకు బాదంలో లేని ఒక ప్రత్యేకమైన కమ్మదనం ఉంటుంది. నా మటుకు నాకు అది లేని మీఠా సగం మీఠానే.

అయితే ఇదే పప్పు కొన్ని ఖుబానీల్లో విషం. చేదు పప్పు నమిలి మింగితే ఒంట్లో సయనైడ్ విడుదలవుతుంది. తియ్యటి పప్పుకూ చేదు పప్పుకూ చూపులో తేడా ఏమీ ఉండదు. ఒకే పొట్లంలో రెండూ కలిసి రావచ్చు కూడా. అందుకే ఈ పనిలో వండటం కన్నా ఏరడం ముఖ్యం. ముందు గింజలో ఏం జరుగుతుందో తెలుసుకుంటే, ఎందుకు ఏరాలో, ఎంత జాగ్రత్తగా ఏరాలో అదే అర్థమవుతుంది.

గింజలో ఏముంది

ఖుబానీ, పీచ్, ప్లమ్, చెర్రీ, బాదం అన్నీ దగ్గరి చుట్టాలైన చెట్లు. వీటి గింజల్లో అమిగ్డాలిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని విడగొట్టే ఎంజైమ్ కూడా అదే పప్పులో వేరే అరల్లో ఉంటుంది. పప్పు పగలనంత వరకు ఈ రెండూ కలవవు. నమిలినా, నూరినా, తడి తగిలితే కలుస్తాయి. ఆవాలు గింజగా ఉన్నప్పుడు ఘాటు ఉండదు, పిండి కొట్టి నీళ్లు తగిలిస్తే ముక్కుకెక్కుతుంది కదా, ఇక్కడ జరిగేదీ అదే.

అమిగ్డాలిన్ విడిపోతే మూడు వస్తాయి: చక్కెర, బెంజాల్డిహైడ్, హైడ్రోజన్ సయనైడ్. మనం బాదం ఎసెన్స్ వాసన అనుకునేది బెంజాల్డిహైడ్‌దే. అంటే సువాసన, విషం రెండూ ఒకే చోట పుడుతున్నాయి. వాసన గుప్పుమని వస్తే పప్పు మంచిదని మురిసిపోకండి. అక్కడే ఎక్కువ జాగ్రత్తపడాలి.

ఇప్పుడు లెక్క చూద్దాం. 1 గ్రాము అమిగ్డాలిన్ నుంచి దాదాపు 59 మిల్లీగ్రాముల హైడ్రోజన్ సయనైడ్ వస్తుంది. బాగా చేదుగా ఉండే ఖుబానీ పప్పులో బరువులో 5 శాతం దాకా అమిగ్డాలిన్ ఉండవచ్చు. అంటే గ్రాము పప్పుకు సుమారు 3 మిల్లీగ్రాముల సయనైడ్. ఒక్కో పప్పు అర గ్రాము అనుకుంటే, ఒక్కదానిలో 1.5 మిల్లీగ్రాములు.

యూరప్ ఆహార భద్రతా సంస్థ 2016లో ఒక పూటకు సురక్షితమైన హద్దును కిలో శరీర బరువుకు 20 మైక్రోగ్రాములుగా పెట్టింది. 60 కిలోల మనిషికి అది 1.2 మిల్లీగ్రాములు. బాగా చేదైన పప్పు ఒక్కటి తిన్నా పెద్దవాళ్లే ఆ హద్దు దాటేస్తారన్నమాట. 12 కిలోల పసివాడికి హద్దు 0.24 మిల్లీగ్రాములు, అంటే పప్పులో ఆరో వంతు. ప్రాణం తీసే మోతాదు కిలోకు 0.5 నుంచి 3.5 మిల్లీగ్రాముల మధ్య ఉంటుందని అదే సంస్థ చెప్పింది. కింది అంకెతో లెక్కేస్తే ఆ పసివాడికి 6 మిల్లీగ్రాములు, అంటే నాలుగు చేదు పప్పులు. ఇంతకన్నా నేను విడమరచి చెప్పక్కర్లేదు.

తియ్యటి పప్పు సంగతి వేరు. యూరప్‌లో నేరుగా జనం కొనుక్కునే పచ్చి ఖుబానీ పప్పులో కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి హైడ్రోజన్ సయనైడ్ ఉండకూడదని 2017లో నిబంధన తెచ్చారు. ఆ కొలతకు లోబడిన పప్పయితే, 60 కిలోల మనిషి తన హద్దుకు చేరాలంటే 60 గ్రాములు తినాలి. మీఠా మీద వేసుకునేది రెండు, మూడు గ్రాములు. కాబట్టి తియ్యటి పప్పును చూసి భయపడాల్సిన పని లేదు. బేగంబజార్‌లో మనం కొనే పొట్లం మీద ఇలాంటి అంకె ఏదీ రాసి ఉండదు కాబట్టి, ఆ పరీక్ష మన నాలుకే చెయ్యాలి.

వేయిస్తే పోదా? ఉడకబెడితే పోదా?

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. హైడ్రోజన్ సయనైడ్ 26 డిగ్రీల దగ్గరే మరిగి ఆవిరైపోతుంది కాబట్టి, వేడి చేస్తే అంతా ఎగిరిపోతుందని కొందరు నమ్ముతారు. ఎగిరిపోయేది అప్పటికే విడుదలైన సయనైడ్ మాత్రమే. పప్పును అలాగే వేయించినా, మరిగే నీళ్లలో వేసినా, ముందు చచ్చేది ఎంజైమ్. అమిగ్డాలిన్ చాలా మటుకు అలాగే మిగిలిపోతుంది. అది కడుపులోకి వెళ్లాక పేగుల్లోని బాక్టీరియా దాన్ని విడగొట్టి సయనైడ్ తయారు చేస్తుంది. అంటే వేయించిన చేదు పప్పు ఇంకా ప్రమాదమే.

ఫ్యాక్టరీల్లో చేదు పోగొడతారన్న మాట నిజమే. జర్మనీలో ఖుబానీ, పీచ్ పప్పులతో పెర్సిపాన్ అనే ముద్ద చేసి మిఠాయిల్లో వాడతారు. గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి, పదే పదే నీళ్లు మార్చి, చివర్లో ఎంత మిగిలిందో ల్యాబ్‌లో కొలుస్తారు. మన దగ్గర కర్రపెండలంలోనూ సయనైడ్ ఇచ్చే పదార్థం ఉంటుంది. సామర్లకోట, పెద్దాపురం సగ్గుబియ్యం మిల్లుల్లో దుంపను తురిమి, నీళ్లతో కడిగి, పిండి తేర్చి, ఆరబెట్టే క్రమంలో అది చాలావరకు వదిలిపోతుంది. ఇంట్లో పప్పు విషయంలో మనకు కొలిచే సాధనం లేదు. అందుకే చేదు పప్పును "బాగుచేసి" వాడే ప్రయత్నమే వద్దు.

కొనేటప్పుడు

మీఠాకు కావలసింది గింజతో సహా ఎండిన, గోధుమ రంగు, చిన్న గుండ్రటి ఖుబానీ. మన మార్కెట్‌కు ఎక్కువగా అఫ్ఘానిస్థాన్ నుంచి వస్తుంది. మెత్తగా, నారింజ రంగులో, గింజ లేకుండా దొరికేది టర్కీ రకం. రంగు నిలవడానికి దానికి సల్ఫర్ పట్టిస్తారు. దానితో మీఠా వస్తుంది కానీ పప్పు రాదు, రుచి కూడా కాస్త పులుపు వైపు ఉంటుంది.

నొక్కి చూడండి. మరీ రాయిలా ఉన్నవి పాతవి. పురుగు రంధ్రాలున్నవి, తెల్లటి బూజు చారలున్నవి వద్దు. పండుకు బూజు పట్టిన చోట గింజ లోపల కూడా బూజు ఉండే అవకాశం ఉంది.

లద్దాఖ్ ఖుబానీ దొరికితే ఒకసారి తప్పకుండా ప్రయత్నించండి. అక్కడి రక్త్సే కార్పో అనే రకానికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. దాని గింజ తెల్లగా, పప్పు తియ్యగా ఉంటుంది. లద్దాఖ్ వాళ్లు తియ్యటి పప్పును తింటారు, చేదు పప్పును నూనె తియ్యడానికి పంపుతారు. హిమాచల్‌లో చుల్లీ అనే అడవి ఖుబానీ గింజల నూనె సంగతీ అంతే. అమిగ్డాలిన్ నీళ్లలో కరిగేదే కానీ నూనెలో కరిగేది కాదు, అది పిండిలోనే ఎక్కువగా ఉండిపోతుంది. తరతరాలుగా ఆ చెట్ల మధ్య బతికినవాళ్లు కూడా చేదును వేరుగా పెట్టారంటే, పొట్లం కొని తెచ్చుకునే మనం ఇంకెంత జాగ్రత్తపడాలి!

విదేశాల్లో ఉన్నవాళ్లకు ఒక మాట. గింజ ఉన్న ఖుబానీ దొరకలేదని ఆన్‌లైన్‌లో విడిగా అమ్మే ఖుబానీ పప్పుల ప్యాకెట్ కొనకండి. వాటిలో చాలా మటుకు చేదువి, ఆరోగ్యం పేరుతో అమ్మేవి. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పచ్చి ఖుబానీ పప్పు అమ్మకాన్ని 2015లోనే నిషేధించారు. అక్కడి ఇరానీ, అఫ్ఘాన్, పాకిస్తానీ కిరాణా కొట్లలో గింజతో ఉన్న ఎండు ఖుబానీ తరచుగా దొరుకుతుంది.

1. నానబెట్టడం, గింజ తియ్యడం

పావు కిలో ఖుబానీని రెండు సార్లు కడిగి, మునిగేలా మూడు గ్లాసుల నీళ్లు పోసి రాత్రంతా నాననివ్వండి. గింజ పెంకు గట్టిగా మూసుకుని ఉంటుంది కాబట్టి పప్పులోది నీళ్లలోకి రాదు, కంగారుపడక్కర్లేదు. ఆ నీళ్లలోనే మీఠా ఉడికిస్తాం, పారబోయకండి. నానేటప్పుడే పెంకు చీలి ఉన్న గింజ కనిపిస్తే దాన్ని పక్కన పెట్టేయండి.

పొద్దున్నే పండును వేళ్లతో నొక్కితే గింజ జారి వస్తుంది. పావు కిలోకు ఓ 30, 40 గింజలు వస్తాయి. గుజ్జు అంటుకోకుండా కడిగి, ఒక రోజు ఎండలో గానీ ఫ్యాన్ కింద గానీ ఆరబెట్టండి. తడి గింజను కొడితే పప్పు నలిగిపోయి పెంకుకే అతుక్కుంటుంది. అదే రోజు మీఠా పూర్తి చెయ్యాలంటే, ముందు రోజు మరి నాలుగు ఖుబానీలు తిని వాటి గింజలు ఆరబెట్టుకోవడం మేలు.

2. పగలగొట్టడం

గింజను అడ్డంగా పడుకోబెట్టి కొడితే పప్పు రెండు ముక్కలవుతుంది. దాన్ని అంచు మీద నిలబెట్టాలి. గింజ చుట్టూ ఒక గీత ఉంటుంది, ఆ గీత పైకి రావాలి. కింద మందపాటి గుడ్డ మడత, పైన పచ్చడి బండ. ఎత్తి కొట్టొద్దు, జేబురుమాలు కప్పి ఒక్కసారి చిన్నగా తట్టండి. టక్కున రెండు చిప్పలుగా విడిపోయి పప్పు నిండుగా బయటికి వస్తుంది. ఒకటి రెండు పాడైనా, అయిదో గింజకల్లా చేతికి అలవాటవుతుంది. పెంకు ముక్కలు పదునుగా ఉంటాయి, పప్పుల్లో ఒక్కటి కూడా మిగలకుండా చూసుకోండి.

మిక్సీలో వేసి తిప్పడం, గింజతో సహా గుజ్జు రుబ్బడం ఎప్పుడూ చెయ్యకండి. ఏ పప్పు చేదో తెలియకుండానే అన్నీ కలిసిపోతాయి.

3. ఏరడం: అసలు పని ఇక్కడే

మొదట కంటితో ఏరండి. ముడుచుకుపోయినవి, నల్లబడ్డవి, బూజు పొడి ఉన్నవి, నూనె ముక్కిపోయిన వాసన వచ్చేవి పారేయండి.

ఆ తర్వాత నాలుక. పని చేసేది పెద్దవాళ్లయి ఉండాలి, గర్భిణులు వద్దు. ఒక్కో పప్పు కొసను గోటితో నువ్వుగింజంత గిల్లి, ముందు పళ్లతో నలిపి, నాలుక కొసకు ఆనించండి. రెండు మూడు సెకన్లు ఆగాలి, చేదు కాస్త ఆలస్యంగా తెలుస్తుంది. తరువాత ఉమ్మేసి, నీళ్లు పుక్కిలించి, ఇంకోటి చూడండి. మింగొద్దు. తియ్యటి పప్పు బాదంలా కమ్మగా ఉంటుంది, పొట్టు వల్ల కాస్త వగరు తగలవచ్చు. వగరుకూ చేదుకూ తేడా తెలియకపోతే ఆ కొస పొట్టు తీసేసి మళ్లీ చూడండి. చేదు పప్పు అయితే అనుమానమే ఉండదు. నాలుక వెనక పట్టేసి, బాదం ఎసెన్స్ వాసన ముక్కులోకి వస్తుంది.

ఒకటి రుచి చూసి మిగతావన్నీ అలాగే ఉంటాయనుకోవడం ఇక్కడ పనికిరాదు. ఎండబెట్టేటప్పుడు ఎన్నో చెట్ల కాయలు ఒకే రాశిలో కలుస్తాయి. ప్రతి పప్పూ చూడాల్సిందే. నేను పెట్టుకున్న నియమం ఇది: మొదటి పదింటిలో రెండు చేదుగా వస్తే ఆ పొట్లం పప్పు మొత్తం చెత్తబుట్టలోకి. మీఠా మీద బాదం వేసుకోవచ్చు, ఏమీ తక్కువైపోదు. జలుబు చేసి నాలుకకు రుచి తెలియని రోజున కూడా ఈ పని పెట్టుకోకండి.

పారేసిన చేదు పప్పును పిల్లలు, కుక్కలు తీసుకోకుండా కాగితంలో చుట్టి బుట్టలో వెయ్యండి.

4. పొట్టు తియ్యడం

ఏరిన పప్పును మరిగే నీళ్లలో వేసి, మూత పెట్టకుండా రెండు నిమిషాలు ఉంచి, వడకట్టి చన్నీళ్లలో వెయ్యండి. వేళ్ల మధ్య నొక్కితే పొట్టు ఊడి తెల్లటి పప్పు జారుతుంది. ఆ నీళ్లు పారబోసి, పప్పును గుడ్డ మీద ఆరబెట్టండి. కావాలంటే చెంచా నేతిలో లేత రంగు వచ్చేదాకా వేయించండి. మీఠా మెత్తగా ఉంటుంది కాబట్టి పంటి కింద కరకరలాడే పప్పు బాగుంటుంది.

వెంటనే వాడకపోతే పొడిగా ఉన్న పప్పును గాలి చొరని డబ్బాలో ఫ్రిజ్‌లో పెట్టండి. నూనె ఎక్కువ ఉన్న పప్పు, బయట పెడితే ముక్కిపోతుంది.

5. మీఠా

గింజ తీసిన ఖుబానీని నానిన నీళ్లతో సహా మందపాటి గిన్నెలో సన్నటి సెగ మీద ఉడకనివ్వండి. పావుగంటకు మెత్తబడుతుంది. గరిటె వెనక భాగంతో సగం మెదపండి, సగం ముక్కలుగా వదిలేయండి. అప్పుడు 75 నుంచి 100 గ్రాముల చక్కెర, పండు తీపిని బట్టి. చక్కెర ముందే వేస్తే పండు గట్టిపడి త్వరగా ఉడకదు. మరో పావుగంటకు రంగు ముదిరి, గరిటె నుంచి జారేటప్పుడు తీగలా సాగుతుంది. అక్కడ ఆపేయాలి, చల్లారాక ఇంకా చిక్కబడుతుంది. చిటికెడు నిమ్మరసం వేస్తే తీపి మొహం మొత్తకుండా ఉంటుంది. యాలకులు నేను వెయ్యను, పండు వాసనను కమ్మేస్తాయి.

ఒక్కో గిన్నెకు నాలుగైదు పప్పులు చాలు. పైన మీగడ గానీ, కస్టర్డ్ గానీ. అయిదేళ్ల లోపు పిల్లల గిన్నెల్లో పప్పు వెయ్యకండి. ఏరడంలో ఒక్కటి తప్పినా వాళ్ల హద్దు చాలా చిన్నది, పైగా గొంతుకు అడ్డం పడే భయం కూడా ఉంది.

జామ్‌లో వేసే పద్ధతి

ఫ్రాన్స్‌లో ఖుబానీ జామ్ ఉడికేటప్పుడు కొన్ని పప్పులు వేసే అలవాటు ఉంది. తాజా ఖుబానీ దొరికే దేశాల్లో ఉన్న మనవాళ్లు కొందరు అలా చేస్తుంటారు. కిలో జామ్‌కు మూడు పప్పులు వేశారనుకుందాం. అన్నీ బాగా చేదువే అయినా మొత్తం 4.5 మిల్లీగ్రాముల సయనైడ్. 30 గ్రాముల జామ్ తింటే అందులో 0.14 మిల్లీగ్రాములకు మించదు. పెద్దవాళ్ల హద్దుకు చాలా దిగువ, 12 కిలోల పిల్లల హద్దుకు కూడా లోపలే. పప్పును గుడ్డ మూటలో కట్టి ఉడికించి, సీసాలో పోసే ముందు మూట తీసేయండి. మూడు కాస్తా పదిహేను అయితే ఈ లెక్క తప్పుతుంది. పప్పును చల్లటి పాలలోనో క్రీమ్‌లోనో నూరి రాత్రంతా నానబెట్టే పద్ధతులు కూడా కనిపిస్తాయి. వేడి తగలదు కాబట్టి ఎంజైమ్ బాగా పనిచేస్తుంది, విడుదలైన సయనైడ్ పాలలోనే ఉంటుంది. అది మాత్రం వద్దు.

"విటమిన్ బి17" మాట నమ్మొద్దు

చేదు ఖుబానీ పప్పు రోజుకు ఇన్ని తింటే క్యాన్సర్ తగ్గుతుందని వాట్సాప్‌లో తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. విటమిన్ బి17 అనేదే లేదు. అది అమిగ్డాలిన్‌కు వ్యాపారం కోసం పెట్టిన పేరు. అమెరికాలో మేయో క్లినిక్ ఆధ్వర్యంలో 178 మంది క్యాన్సర్ రోగుల మీద అమిగ్డాలిన్‌ను పరీక్షించి 1982లో ఫలితాలు ప్రచురించారు. జబ్బు నయం కాలేదు, ఆయుష్షు పెరగలేదు. కొందరి రక్తంలో సయనైడ్ ప్రమాదకర స్థాయికి చేరింది. ఇంట్లో క్యాన్సర్‌తో బాధపడేవాళ్లుంటే ఏ చిన్న ఆశ కనిపించినా పట్టుకోవాలనిపిస్తుంది, అది నాకు అర్థమవుతుంది. దయచేసి ఈ ఒక్కటి పట్టుకోకండి. ఎవరైనా ఇప్పటికే తింటుంటే, తిట్టకుండా, వాళ్ల డాక్టర్‌కు చెప్పించండి.

పొరపాటున తింటే

పండుతో పాటు గింజ పెంకు పగలకుండా మింగేస్తే సయనైడ్ భయం లేదు, అది అలాగే బయటికి పోతుంది. నమిలి తింటేనే సమస్య. చేదు తగలగానే ఉమ్మేస్తే టెన్షన్ పడక్కర్లేదు, నోరు కడుక్కోండి.

చేదు పప్పులు కొన్ని మింగేశాక తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం, వాంతి, గబగబా ఊపిరి, అయోమయం, మత్తు కనిపిస్తే వెంటనే 108కు ఫోన్ చెయ్యండి. చిన్నపిల్లలు తింటే లక్షణాలు వచ్చేదాకా ఆగొద్దు. కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు ఎప్పుడైనా మొదలుకావచ్చు. బలవంతంగా వాంతి చేయించకండి. మజ్జిగ, చింతపండు రసం లాంటివి తాగిస్తూ సమయం పోగొట్టకండి.

చాలా ఇళ్లలో కోవిడ్ నాటి ఆక్సీమీటర్ ఉంది. అది 98 చూపిస్తోందని ధైర్యంగా కూర్చోవద్దు. సయనైడ్ వల్ల రక్తంలో ఆక్సిజన్ తగ్గదు, కణాలు దాన్ని వాడుకోలేకపోతాయి. అందుకే అంకె బాగానే కనిపిస్తూ మనిషి దిగజారిపోవచ్చు. ఆస్పత్రిలో "ఖుబానీ పప్పు తిన్నారు, సయనైడ్ కావచ్చు" అని స్పష్టంగా చెప్పండి. మిగిలిన పప్పులు తీసుకెళ్లండి. దీనికి విరుగుడు మందులున్నాయి, కానీ డాక్టర్‌కు ఆ అనుమానం వస్తేనే అవి ఇస్తారు.

మిగతా గింజలు

పీచ్, ప్లమ్, చెర్రీ గింజల పప్పు దాదాపు ఎప్పుడూ చేదే, పగలగొట్టే పనే పెట్టుకోకండి. బిర్యానీలో వేసే ఆలూ బుఖారా కూడా ప్లమ్మే, గింజ తీసి పారేయండి. బాదం పొట్లంలో ఎప్పుడైనా ఒకటి గట్టి చేదుగా తగిలితే ఉమ్మేయండి, అది కూడా ఇదే విషం.

మన బళ్ల ఆవరణల్లో గొడుగులా పెరిగే నాటు బాదం చెట్టుకు ఈ బాదంతో చుట్టరికం లేదు. దాని కాయ కొట్టుకుని పప్పు తిన్న పిల్లల్ని కంగారుపెట్టక్కర్లేదు.

మామిడి టెంకలోని జీడి కథ వేరు. అందులో సమస్య వగరు పదార్థాలు, ఇంకా బూజు. ఏజెన్సీ ప్రాంతాల్లో కరువు నెలల్లో జీడిని నానబెట్టి, నీళ్లు మార్చి, పిండి చేసి అంబలి కాచుకుంటారు. తేమలో నిలవ ఉన్న జీడికి బూజు పడితే ప్రాణాల మీదికి వస్తుంది. 2001లో ఒడిశాలోని కాశీపూర్ ప్రాంతంలో మామిడి జీడి జావ తాగినవాళ్లు పలువురు చనిపోయారు. బూజు వాసన వచ్చిన జీడిని ఎంత ఉడికించినా తినకూడదు.

ఖుబానీ పప్పు మొత్తం పారేయాల్సి వచ్చిన రోజున సారపప్పు వాడండి. ఇదీ ఒక గింజలోని పప్పే, కానీ మామిడి, జీడిమామిడి కుటుంబానికి చెందిన చెట్టుది. మెత్తగా, కమ్మగా ఉంటుంది. ముక్కిపోకుండా కొద్దికొద్దిగా కొనుక్కుని, పావు కిలో ఖుబానీ మీఠాకు రెండు చెంచాలు నేతిలో వేయించి చల్లితే సరిపోతుంది.